మా అమ్మలాంటి రిటైర్డ్ టీచర్ల జీవితాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం ఎలా

ఒంగోలు పక్క బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన మా అమ్మ దగ్గర నేనిలా చేశా, మీరూ చేసుకోండి. ముందు "నీ జీవితం గురించి చెప్పమ్మా" అని మాత్రం అడగొద్దు, ఏముందిలే అనేస్తారు. చేతికేదన్నా ఇవ్వండి. సర్వీస్ రిజిస్టర్ కాపీ ఇస్తే ఏ ఊరికి ఎప్పుడు ట్రాన్స్‌ఫరయిందో తేదీలు దొరుకుతాయి, ఆ ఊళ్ల వరసే మన కథకి వరస.

అసలైన ఖజానా మాత్రం బైబిలే. మా అమ్మ బైబిల్లో కీర్తనలు 91 పక్కన మార్జిన్లో సన్నటి పెన్సిల్‌తో "చిన్నోడికి జ్వరం, తగ్గింది" అని రాసుంది, అది చూపించి అడిగితే ఆ రాత్రంతా కళ్లకి కట్టినట్టు చెప్పింది, నాకు ఏడుపాగలేదు. ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.

పొద్దున ప్రార్థన అయ్యాక కూర్చోండి, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని మడిచిన టవల్ మీద దగ్గర్లో పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో వేసి, ఇరవై నిమిషాలు చాలు. మధ్యలో అడ్డం పోవద్దు.

వీలైతే ఒంగోలులోని ప్రేయర్ మీటింగ్ హిల్‌కి తీసుకెళ్లండి, 1854 జనవరి 1న అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్ట్ మిషనరీలు జ్యూయెట్ దంపతులు ప్రార్థన చేసిన కొండ అది. 1878లో గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు గదా, మీ ఇంటి పెద్దోళ్లు ఆ మాట ఎలా చెప్పుకునేవాళ్లో అక్కడ అడగండి.

ఫైల్‌కి తేదీ, ఊరు పేరు పెట్టి ఆ రాత్రే ఇంకోచోట కూడా కాపీ పెట్టుకోండి.