వానలకి ముందు బండి టైరు కొంటున్నారా?

నాలుగు చినుకులు పడితే చాలు, అమలాపురమైనా భీమవరమైనా కాలవగట్టు రోడ్ల మీద బండి జారుతుందేమోనని టెన్షనే. కొత్త టైరు వేయించేవాళ్లు డబ్బులిచ్చే ముందు దాని పక్క భాగం ఒకసారి చూసుకోండి.

అక్కడ కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. ఒకవైపు కనబడకపోతే తిప్పి రెండోవైపు చూడండి. ఏళ్ల తరబడి కొట్లో పడున్న టైరు పైకి నిగనిగలాడుతున్నా రబ్బరు గట్టిపడి, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. కాబట్టి ఏడాది లోపుదే ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి. బిగించేటప్పుడు టైరు పక్కనున్న బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి.

పాత టైరు ఇంకొన్నాళ్లు వస్తుందా అని అనుమానమా? పక్కన టీడబ్ల్యూఐ (TWI, అంటే అరుగుదల గుర్తు) అనే అక్షరాలు వెతకండి. వాటికి సూటిగా పైన, గాడి లోపల చిన్న దిమ్మ ఉంటుంది. గ్రిప్ అరిగి ఆ దిమ్మతో సమానమైతే ఇక మార్చేయాల్సిందే.

ఒక్క జాగ్రత్త. చేలోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కి బంకమట్టి వదిలిన చోట ఎంత మంచి టైరూ పనిచేయదు. గాడులు మట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోతాయి. అక్కడ ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టకండి, ముందే వేగం తగ్గించుకుని తిన్నగా పోనివ్వండి.