స్ప్లెండర్ లాంటి చిన్న బండికి గాలి బాగా అందేలా చేయడం ఎలా?

పాత కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే భాగం) బండి పికప్ తగ్గిందనిపించగానే చాలామంది మొదట చేసే పని ఎయిర్ ఫిల్టర్ బాక్సుకు బెజ్జాలు కొట్టించడం. నేనూ కొట్టించాను. శబ్దం గంభీరంగా మారింది, నాలుగు రోజులు సంబరంగా తిరిగాను. పదిహేను రోజులకు ప్లగ్గు తీసి చూస్తే కొన దగ్గర పింగాణీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ములో తిరిగే బండి అది. కార్బరేటర్ నోట్లో వేలు పెడితే పిండిలాంటి పొడి అంటుకుంది. బెజ్జాలు ఫిల్టర్ దాటిన తర్వాతి గదికి పడ్డాయి. అంటే ఇంజన్ వడకట్టని గాలిని పీలుస్తోంది, ఆ గాలికి తగ్గ పెట్రోలు కూడా అందడం లేదు. మీ బండికి ఆ గతి పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది కార్బరేటర్ ఉన్న 100–125 సీసీ బండ్లకే. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో పెట్రోలు కొలతను సెన్సర్లు, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటాయి. వాటి బాక్సును ముట్టుకోకండి. పాత బండికైనా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అందుకే కోతలు, బెజ్జాలు లేకుండా, మళ్లీ యథాస్థితికి తేగలిగే పనులే చెబుతున్నాను.

ముందు ఒక లెక్క

స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ. రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర సిలిండర్ పూర్తిగా నిండుతుందనుకున్నా నిమిషానికి 389 లీటర్లు చాలు. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) బాక్సును ఆ అవసరం చూసే తయారుచేస్తారు. కాబట్టి టాప్ స్పీడ్ అమాంతం పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. యాక్సిలరేటర్ తిప్పగానే బండి వెంటనే అందుకోవడం, ఎత్తు మీద దగ్గకుండా లాగడం, ఈ రెండూ దక్కితే పని ఫలించినట్టే.

బాక్సు పీకేసి కోన్ ఫిల్టర్ తగిలించడం నాకు అసలు నచ్చదు. అది ఇంజన్ పక్కన కాగిన గాలిని పీలుస్తుంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. పైగా బాక్సు, దాని గొట్టం పొడవు కింది ఆర్‌పీఎంలో లాగుడుకు సాయపడతాయి. ఊళ్లో తిరిగే బండికి కావాల్సింది ఆ లాగుడే.

ఉన్నదాన్ని సరిచేయండి

సైడ్ ప్యానెల్ విప్పి ఫిల్టర్ బయటికి తీయండి. ఫోమ్ రకమైతే కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో మెల్లగా పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, మాన్యువల్ చెప్పిన ఆయిల్ కొద్దిగా పట్టించి, ఎక్కువైంది పిండేయండి. జిడ్డు పూసిన పేపర్ ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు, కొత్తది వేయాల్సిందే. తర్వాత కార్బరేటర్‌కు అటూ ఇటూ ఉన్న రబ్బరు గొట్టాలను వంచి చూడండి, పగుళ్లుంటే మార్చండి. అనుమానంగా ఉంటే బండి ఐడిలింగ్‌లో ఉండగా ఇంజన్ వైపు రబ్బరు మీద కాస్త నీళ్లు స్ప్రే చేయండి. ఇంజన్ శబ్దం మారితే అక్కడ గాలి లీకవుతున్నట్టే. టప్పెట్లు (వాల్వుల సందు), చైను, టైర్ల గాలి కూడా చూసుకోండి. చాలా బండ్లకు ఇంతటితోనే పికప్ తిరిగి వస్తుంది, ఇంకే మార్పూ అక్కర్లేదు.

ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 నుంచి 60కి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతోందో వెనక కూర్చున్న వాళ్లతో ఫోన్‌లో లెక్కపెట్టించండి. రెండు వైపులా వెళ్లి సగటు తీయండి. ప్లగ్గు ఫొటో కూడా తీసి పెట్టుకోండి. ఇది లేకపోతే తర్వాత తేడా ఊహే అవుతుంది.

ఒక్క మార్పు చేయండి

స్టాక్ బాక్సులోనే సరిగ్గా కూర్చునే, కడిగి వాడుకునే ఫిల్టర్ దొరికితే వేయండి. అంచుల్లో వెలుతురు కనిపించేంత సందు ఉన్నా అది పనికిరాదు. లేదా బాక్సు నోటి దగ్గర రబ్బరు గొట్టం ఊడి వచ్చే రకమైతే దాన్ని కోయకుండా తీసి చూడండి. వర్షాకాలంలో నీళ్లు చిమ్మకుండా ఆపేది కూడా అదే, మళ్లీ పెట్టుకోవాలి. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏమైందో తేలదు.

గాలికి తగ్గ పెట్రోలు

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కుతుంది. ఫుల్ యాక్సిలరేటర్ నుంచి కాస్త తగ్గించినప్పుడు బండి ఇంకా బాగా లాగుతోందంటే పలచగా ఉందని అర్థం. వేడెక్కిన ఇంజన్‌కు చోక్ కొంచెం లాగితే హుషారుగా పోతున్నా అంతే. నల్ల పొగ, పెట్రోలు వాసన, బరువుగా లాగడం ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు.

పలచగా ఉండి మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని బెజ్జం ఉన్న ముక్క) మార్చాల్సి వస్తే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ఇంజన్ చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని కార్బరేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును సీసాలోకి దించండి. గిన్నె విప్పితే మధ్యలో ఇత్తడి జెట్ కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్ గాడిలో నిండుగా కూర్చోవాలి, లేకపోతే ఇత్తడి అరిగిపోతుంది. జెట్ మీద అంకె చదవండి. ఒక్క సైజు పెద్దది, అదే కంపెనీ కార్బరేటర్‌ది తెచ్చి వేయండి. కొలతల పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. పిన్నుతో, డ్రిల్‌తో బెజ్జం పెద్దది చేయించడానికి ఒప్పుకోకండి. ఆ బెజ్జం ఎంత పెద్దదైందో ఎవరూ చెప్పలేరు.

మెయిన్ జెట్ పనిచేసేది ముప్పావు యాక్సిలరేటర్ దాటాకే. సగంలో తడబాటు ఉంటే కార్బరేటర్ లోపల యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూది చూడాలి. దానికి గాడులుంటే క్లిప్పును ఒక గాడి కిందికి దించండి. సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఐడిలింగ్ తడబడితే కార్బరేటర్ మీది మిక్స్చర్ స్క్రూ సంగతి. దాన్ని ముందు నెమ్మదిగా ఆగేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తర్వాత మళ్లీ అన్ని చుట్లూ వెనక్కి తిప్పండి. స్క్రూ ఇంజన్ వైపుంటే బయటికి తిప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. ఫిల్టర్ వైపుంటే గాలి పెరుగుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ప్లగ్గు చెప్పే మాట

హెల్మెట్ పెట్టుకుని, ముందూ వెనకా ఎవరూ లేని రోడ్డు మీద, మూడో గేర్‌లో కొద్దిసేపు ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజన్ ఆపేసి పక్కకు చేరండి. చల్లారాక ప్లగ్గు విప్పండి. పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా మెరుస్తుంటే ఇంకో సైజు పెద్ద జెట్ కావాలి. పొడి మసి పట్టి ఉంటే ఒక సైజు వెనక్కి రండి. తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది, ఆ రోగానికి జెట్ మందు కాదు.

రంగు కుదిరాక అదే రోడ్డు మీద 40 నుంచి 60 మళ్లీ చూడండి. పొల్యూషన్ చెక్ చేయించి స్లిప్పు మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్) శాతాన్ని పాత స్లిప్పుతో పోల్చండి. అది బాగా పెరిగి ఉంటే ఐడిలింగ్‌లో పెట్రోలు ఎక్కువ పోతోంది, మిక్స్చర్ స్క్రూ మళ్లీ సరిచేయాలి. సెకన్లలో తేడా లేకపోతే పాత జెట్, పాత ఫిల్టర్ తిరిగి వేసేయండి. తేడా ఉంటే జెట్ అంకె, సూది గాడి, స్క్రూ చుట్లు ఒక టేపు మీద రాసి సైడ్ ప్యానెల్ లోపల అంటించండి. తీసిన పాత జెట్, రబ్బరు గొట్టం చిన్న కవర్లో కట్టి టూల్ కిట్‌లో పెట్టుకోండి.