ప్లగ్ కమిలిపోతోంది, ఎంసీబీ మాత్రం ట్రిప్ కాదు

సమస్య: గీజరో ఇస్త్రీపెట్టో వేసిన కాసేపటికి గదిలో చేపల వాసన లాంటిది వస్తుంది. ఆపితే పోతుంది. ఇంట్లోవాళ్లు చచ్చిన ఎలుక కోసం బీరువా వెనక వెతుకుతారు తప్ప స్విచ్ బోర్డు వైపు చూడరు. అది చాలాసార్లు బోర్డులోని ప్లాస్టిక్ కాగుతున్న వాసన.

ముందు చేయవలసిన పని చాలా చిన్నది. ఎవరూ చేయనిదీ అదే. ఆ పరికరాన్ని అరగంట వాడి, స్విచ్ ఆపి, ప్లగ్‌కు వేళ్ల వెనుక వైపు ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి చటుక్కున వెనక్కి వస్తే ఇక దాన్ని వాడకండి. చల్లారాక ఊడదీసి చూడండి. కరెంటు మోసే రెండు పిన్నుల్లో ఒకటి మెరుస్తూ, రెండోది కమిలి ఉంటే జబ్బు దొరికినట్టే.

కారణం: లూజ్ కనెక్షన్. వైరు బిగించిన స్క్రూ వదులై ఉంటుంది, లేదా సాకెట్ లోపలి రేకులు సాగిపోయి పిన్నును పట్టుకోవు. "ఎంసీబీ ఉందిగా" అంటారు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే (ట్రిప్ అయ్యే) స్విచ్. అది చూసేది ఎంత కరెంటు పోతోందో అంతే. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. వదులైన చోట అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి, కరెంటు 8.5కి తగ్గుతుంది. పెరగదు, తగ్గుతుంది! 16 ఆంపియర్ల ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. ఆ స్క్రూ దగ్గర మాత్రం 36 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. టంకం కరిగించడానికి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే ఓర్చుకుంటుంది. వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడినకొద్దీ నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. షాక్ నుంచి కాపాడే స్విచ్ ఆర్‌సీసీబీ కూడా దీన్ని పట్టదు, దాని పని కరెంటు లీకేజీ చూడడం.

టెస్టర్ వెలిగింది కాబట్టి అంతా బాగుందనుకోవడం మరో పొరపాటు. టెస్టర్ వెలిగేది ఫేజు వైపు. న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉన్నా అది అలాగే వెలుగుతుంది.

నేను దెబ్బతిన్నదీ ఈ లూజ్ కనెక్షన్ దగ్గరే. ఒకే చోట మూడుసార్లు సాకెట్ మార్చాను. మూడుసార్లూ నెల తిరగకుండానే మచ్చ. చివరికి విసుగెత్తి ప్లగ్ విప్పితే, లోపలి స్క్రూ వేలితో తిప్పినా తిరుగుతోంది, వైరు పోగులు మసిలా రాలిపోయాయి. కమిలిన ప్లగ్ కొత్త సాకెట్‌ను కూడా కాల్చేస్తుంది. మార్చితే రెండూ మార్చాలి.

పరిష్కారం: మెయిన్ ఆపండి. కరెంటు పోయిందో లేదో టెస్టర్‌తో చూడండి. ఆ టెస్టర్‌ను ముందే కరెంటున్న చోట వెలిగించి చూసుకుని ఉండాలి, పాడైన టెస్టర్ అబద్ధం చెబుతుంది. నల్లబడిన వైరును రాగి మెరిసేవరకు కత్తిరించండి. పొడవు చాలకపోతే లాగి సరిపెట్టకండి, కొత్త వైరు వేయించండి. పోగులన్నీ మెలిపెట్టి, వీలైతే లగ్గు (వైరు కొసకు వేసే లోహపు తొడుగు) వేసి బిగించండి. కొసకు టంకం వేయవద్దు, స్క్రూ ఒత్తిడికి అది మెల్లగా అణిగి మళ్లీ వదులవుతుంది. బిగించాక ప్రతి వైరునూ గట్టిగా లాగి చూడండి. మళ్లీ అరగంట వాడి, మళ్లీ ప్లగ్ తాకి చూడండి. ఇవి అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎంసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే అది వేరే కథ: లోడు ఎక్కువ, లేదా షార్ట్. పెద్ద ఎంసీబీ పెడితే అది ఊరుకుంటుంది, గోడలో వైరు కాలుతుంది. హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి. ఎలుకలు వైరు కొరకడం లేకపోలేదు గానీ, దాన్ని చివరికి అనుమానించండి.

మంటే కనిపిస్తే ఈ తనిఖీలన్నీ పక్కన పెట్టండి. చేయి అందితే మెయిన్ ఆపండి, నీళ్లు చల్లకండి. పొడి లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే వాడండి. పొగ కమ్ముకుంటే తలుపు మూసి బయటికి వెళ్లి ఫైర్ సర్వీసుకు ఫోను చేయండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి, ఐసూ పేస్టూ వద్దు.