ఇసుక, పాత చీర, అక్రిలిక్‌తో అమూర్త చిత్రం

బిగించిన కాన్వాస్ దీనికి సరిపోదు. ఇసుక బరువుకి అది ఊగుతుంది, పొర పగులుతుంది. అడుగున్నర చదరపు ప్లైవుడ్ ముక్క తీసుకుని గరుకు కాగితంతో రుద్ది, జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) రెండు పూతలు వేయండి. వెనకవైపూ ఒక పూత వేస్తే చెక్క అంతగా వంగదు.

ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడతో జల్లించండి. మట్టి మిగిలితే రేణువులు రాలిపోతాయి. రెండు పాళ్ల అక్రిలిక్ జెల్‌కి (రంగు లేని చిక్కటి అక్రిలిక్ పదార్థం, జిగురులా అంటుకుంటుంది) ఒక పాలు ఇసుక కలిపి చెక్క మీద పరవండి. జెల్ బదులు ఫెవికాల్ చవకే, కానీ మీద నీళ్లు ఎక్కువ తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పొర 2 మి.మీ. దాటనివ్వకండి: పైన ముందు ఆరి, లోపల తర్వాత కుంచించుకుపోయి బీటలు వస్తాయి. ఇంకా ఎత్తు కావాలంటే మర్నాడు ఇంకో పొర వేయాలి. హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు.

చీర నూలుదే కావాలి, గంజి పోయేలా ఉతకాలి. ముక్కల్ని జెల్‌లో ముంచి, పిండి, ముడతలతోనే అంటించి, ముడతల మధ్య గాలి బుడగలు లేకుండా వేళ్లతో నొక్కండి. ఒక రోజు ఆరనివ్వండి.

ఇక రంగు. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరీన్ (ముదురు నీలం) కలిపితే వచ్చే నలుపును పలచగా అంతటా పూసి, రెండు మూడు నిమిషాల్లో తడిగుడ్డతో తుడిస్తే అది గుంతల్లోనే నిలుస్తుంది. ఆ నలుపు ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత పసుపు తేలిగ్గా రాస్తే ఎత్తులే వెలుగుతాయి. అసలు అందం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ఆయిల్ పాస్టెల్ (జిడ్డుగా ఉండే రంగు కడ్డీలు) గీతలు చిట్టచివరికే. ఆ జిడ్డు మీద అక్రిలిక్ అంటుకోదు, పెచ్చులుగా ఊడుతుంది.