‘కోయె నో కతాచి’ చదవబోయే వారికి కొన్ని సూచనలు

అబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల మధ్య నాకు యోషితోకి ఓయిమా గీసిన మాంగా, అంటే జపాను బొమ్మల కథ, ‘కోయె నో కతాచి’ ఇంగ్లీషు అనువాదంలో మూడో సంపుటం ఒక్కటే దొరికింది. మొదటి రెండూ లేకుండానే దాన్ని ఆ రాత్రే చదివేసి, షోయా ఇషిదా అనే ఆ కుర్రవాడు ఎంత మంచివాడో అనుకున్నాను. తరువాత మొదటి సంపుటం తెప్పించుకుని చదివినప్పుడు ఆ అభిప్రాయం తలకిందులైంది. ఈ పుస్తకాన్ని ఎలా చదవకూడదో నాకు అలా తెలిసింది కాబట్టి ముందుగా చెప్పవలసింది అదే: ఏడు సంపుటాలనూ వరుసగా చదవాలి, అందులోనూ మొదటిదాన్ని అన్నిటికంటే నెమ్మదిగా చదవాలి.

మాంగా చదవడం కొత్త అయినవారు పుస్తకాన్ని మన పుస్తకానికి వెనుక అట్ట అనిపించే వైపు నుంచి తెరిచి, ప్రతి పేజీలోనూ బొమ్మల గడులను కుడి నుంచి ఎడమకు చూసుకుంటూ వెళ్లాలి. ఇరవై పేజీలు దాటేసరికి కంటికి అలవాటైపోతుంది.

కథ సంగతి క్లుప్తంగా ఇది. ఆరో తరగతిలోకి కొత్తగా వచ్చిన షోకో నిషిమియాకు వినపడదు; నోటుపుస్తకంలో రాసి మాట్లాడమని తోటివారిని అడుగుతుంది. షోయా ఆమెను ఏడిపించడం మొదలుపెడతాడు, తరగతి నవ్వుతుంది. అయిదు నెలల్లో ఆమె వినికిడి యంత్రాలు ఎనిమిది పాడవుతాయి లేదా కనిపించకుండా పోతాయి. వాటి ఖరీదు 17 లక్షల యెన్‌లు. విచారణ జరిగిన రోజున ఉపాధ్యాయుడు షోయా పేరు చెప్పగానే, నిన్నటిదాకా నవ్విన నేస్తాలందరూ వేలు అతనివైపే చూపించి, మరునాటి నుంచి అతన్నే ఏడిపిస్తారు. ఆ తరువాతి కథంతా హైస్కూలు చివరి సంవత్సరంలో, చావాలని నిశ్చయించుకున్న షోయా సంజ్ఞా భాష నేర్చుకుని, ఆమె నోటుపుస్తకం తిరిగి ఇచ్చేందుకు వెళ్లడంతో మొదలవుతుంది.

మొదటి సంపుటంలో షోయాను కాక తక్కిన బెంచీలను చూడండి. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు తల తిప్పుకున్నారు, సంజ్ఞా భాష నేర్చుకుంటానని చెయ్యెత్తిన మియోకో సహారా ఎలా బడి మానవలసి వచ్చింది, ఇవన్నీ గడుల మూలల్లో ఉంటాయి. మన బళ్లలో పిలిస్తే పలకని పిల్లవాణ్ని ‘చెవిటి మాలోకం’ అనడం ఎంత మామూలో హైదరాబాదులో చదువుకున్న ఎవరికైనా తెలుసు. మా తరగతిలో ఆ మాట పడిన పిల్లవాడికి నిజంగానే ఒక చెవి వినపడదని పదో తరగతి పరీక్షలప్పుడు గానీ మాకు తెలియలేదు. నేను ఆ మాట అనలేదు, నవ్వాను. ఈ పుస్తకం చదువుతున్నప్పుడు నాకు షోయా కన్నా ఆ బెంచీలే ఎక్కువ ఇబ్బంది కలిగించాయి, రచయిత్రి కోరుకున్నదీ అదేనని నా నమ్మకం.

అదే సంపుటంలో చెవులను కూడా గమనించాలి. యంత్రాన్ని లాగినప్పుడు షోకో చెవి నుంచి రక్తం కారుతుంది. కొన్ని పేజీల తరువాత, షోకో తల్లికి డబ్బు చెల్లించి వచ్చిన షోయా తల్లి చెవి కూడా రక్తంతో కనిపిస్తుంది. రెంటినీ కలిపి చూడమని రచయిత్రి ఎక్కడా చెప్పదు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి మెట్ల మీద పిల్ల చెవి వెనుక మిషన్‌ను పదేపదే సర్దే తల్లిని ఒక్కసారి చూసినవారికి ఆ ఎనిమిది యంత్రాల లెక్క అంకెలా అనిపించదు.

ఇక బొమ్మల విషయం. షోయా ఎవరి ముఖమూ చూడలేని స్థితిలో ఉన్నంతకాలం చుట్టూ ఉన్నవారి ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు గీసి ఉంటాయి. ఆ గుర్తు మొదట తోమోహిరో నాగత్సుకా ముఖం మీది నుంచి రాలిపడుతుంది. ఎవరిది ఎప్పుడు రాలింది, రాలినది మళ్లీ ఎప్పుడు అతుక్కుంది అని పెన్సిలుతో పేజీ అంచున రాసుకుంటే, మాటల్లో చెప్పని కథ ఒకటి బయటపడుతుంది. చేతులను చూడడం అంతకన్నా ముఖ్యం. ఆరో తరగతిలో షోకో రెండు చేతులూ కలిపి చేసిన సైగ షోయాకు అర్థం కాదు. ఏళ్ల తరువాత ఆమె ముందు నిలబడి ‘మనం స్నేహితులం కాగలమా’ అని అడగడానికి అతడు చేసేది అదే సైగ. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి జపాను సంజ్ఞలని మాత్రం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మన దేశంలో వాడే భారతీయ సంజ్ఞా భాష వేరు, దాని నిఘంటువులో 2021 నాటికే 10,000 పదాలున్నాయి.

షోకో నోటితో తన ప్రేమను చెప్పే ఘట్టం అనువాదంలో కొంత జారిపోతుంది. జపానులో ‘సుకి’ అంటే ఇష్టం, ‘ట్సుకి’ అంటే చంద్రుడు. ఆమె మొదటిది అంటుంది, షోయాకు రెండోది వినిపించి ఆకాశంలో చంద్రుణ్ని చూస్తాడు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆ పేజీలో నవ్వూ నొప్పీ రెండూ అందుతాయి.

51వ అధ్యాయం దగ్గర మీ చదువు దానంతట అదే ఆగుతుంది. అక్కడ కథ షోకో వైపు నుంచి నడుస్తుంది, చుట్టూ ఉన్నవారి మాటలు సగం చెరిగిన అక్షరాలుగా ముద్రించి ఉంటాయి. ఆ ముక్కలను కూడగట్టి వాక్యాలు చేయాలని తంటాలు పడకండి. పెదవులు చూసి మాటలు ఊహించే పిల్లకు రోజంతా ఎంత అలసటో తెలియడానికి ఆ అస్పష్టతను అలాగే వదిలేయడం మేలు.

క్షమాపణ విషయంలో తొందర పనికిరాదు. షోయా మారాడు కాబట్టి లెక్క సరిపోయిందనుకుంటే, తప్పు తనదని ఒప్పుకోని నావోకా ఉయెనో, ఏడ్చి తప్పించుకునే మికీ కవాయి కేవలం చెడ్డవాళ్లుగా మిగిలిపోతారు. ఉయెనో నాకు నచ్చదు, కానీ షోకోను జాలి పడవలసిన బొమ్మగా కాక కోపం తెచ్చుకోదగ్గ మనిషిగా ఎదుర్కొన్నది ఆమె. షోకో అతి సహనం పుస్తకంలోని లోపమని మొదట అనుకున్నాను. ఆ చిరునవ్వు వెనుక తనమీద తనకే ఉన్న అసహ్యం బాణసంచా రాత్రి బయటపడినప్పుడు ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆ రాత్రి ఘట్టంలో ఆత్మహత్యాయత్నం ఉంది కనుక ఇంట్లో పిల్లలకు ఈ పుస్తకం ఇచ్చేవారు తామూ చదివి, తరువాత పక్కన కూర్చోవాలి. మనసు బాగా కలత పడితే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు.

ఈ కథ మొదట ఒకే భాగంగా రాసినప్పుడు విషయ తీవ్రత వల్ల ప్రచురణ ఆగి, న్యాయవాదులతోనూ జపాను బధిరుల సమాఖ్యతోనూ చర్చించాకే 2011లో వెలువడింది. రచయిత్రి తల్లి సంజ్ఞా భాషా దుబాసీ. 2013 ఆగస్టు నుంచి 2014 నవంబరు వరకు వారపత్రికలో సాగిన ధారావాహికలో చేతులు అంత శ్రద్ధగా ఎందుకు గీశారో దీన్ని బట్టి తెలుస్తుంది.

నవోకో యమదా దర్శకత్వంలో క్యోటో యానిమేషన్ 2016లో తీసిన చిత్రాన్ని పుస్తకం ముగిశాకే చూడండి. నాగత్సుకా స్నేహితులందరితో సినిమా తీసే భాగమంతా, చివర్లో వారంతా పెద్దవాళ్లైనందుకు జరిగే వయోజన వేడుకా అందులో లేవు.

చిత్రానికి వెళ్లేముందు ఒకసారి మొదటి సంపుటానికి తిరిగి రండి. అందులో ఒక ఉదయం షోకో ఒక బల్లను తుడుస్తూ కనిపిస్తుంది. షోయా ఆమెను తిట్టి కొడతాడు. ఆ బల్ల తనదేనని, దాని మీది బూతు రాతలను ఆమె రోజూ చెరిపేసిందని అతనికి తెలిసేది ఆ బడిలో చదువు ముగిసిన రోజున. మొదటిసారి చదివినప్పుడు నేను ఆమె ముఖం చూశాను, గుడ్డ పట్టుకున్న చెయ్యి చూడలేదు.