నిమ్మకాయ చేప వేపుడు: ముక్క విరిగితే పెనాన్ని తిట్టకండి

నిమ్మకాయ చేప వేపుడు చెడితే ఇంట్లో అందరూ ముందు పెనం మీద పడతారు, తర్వాత చేపలమ్మిన ఆవిడ మీద. పొద్దున్నే కళింగపట్నం నుంచి బుట్టలో వచ్చిన వంజరం పాపం ఏం చేసింది?

ముక్క అంటుకుని పైపొర ఊడిపోతోంది

తడి చూడండి. చెప్పీ చెప్పీ విసుగొచ్చిన మాట ఇది. కడిగిన ముక్కలను నీళ్లు ఓడుతుండగానే మసాలాలో పడేసి, తర్వాత అట్లకాడతో కుస్తీ పడతారు. తడి ముక్క వేస్తే నూనెలోని వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ముక్క వేగదు, ఉడుకుతుంది. పాత నూలు గుడ్డతో రెండువైపులా గట్టిగా అద్దండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన సముద్రంలో మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ ఎక్కువగా ఐసు చేపతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. గడ్డకట్టిన చేప కరిగేటప్పుడు నీరు ఎక్కువ వదులుతుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో చిల్లుల గిన్నెలో ఉంచి, ఆ తర్వాత అద్దండి.

తడి ఆరినా, నూనె కాగినా విరిగిపోతోంది

నన్ను ముంచింది ఇదే. ఒక ముక్కనుమ నాడు విజయనగరం నుంచి మేనత్త వాళ్లు భోజనానికి వచ్చారు. కిలోన్నర వంజరం, బొటనవేలి మందం ముక్కలు. ఎంత నానితే అంత రుచి అనుకుని పొద్దున ఎనిమిదింటికే నాలుగు కాయల రసం పిండి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి మూత పెట్టాను. ఒంటిగంటకు పెనం మీద వేస్తే, అట్లకాడ తగలగానే ముక్కలు రేకులు రేకులుగా రాలిపోయాయి. పెనం పాతబడిందనుకున్నాను. మేనత్త గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి, "నిమ్మకాయతో ఒకసారి, పొయ్యి మీద ఒకసారి, రెండుసార్లు వండావేమిటిరా?" అంది. ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. కొత్త పెనం కొని, మళ్లీ అలాగే నానబెట్టి, మళ్లీ విరగ్గొట్టాకే ఎక్కింది.

నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 5 నుంచి 6 శాతం ఉంటుంది. పొయ్యి వేడికి మాంసకృత్తులు ఎలా బిగుసుకుంటాయో, ఆ పులుపుకీ అలాగే బిగుసుకుని లోపలి నీటిని బయటకు నెట్టేస్తాయి. మేక మాంసం కొంత తట్టుకుంటుంది. చేప కండను కలిపి ఉంచే పొరలు పలుచన, అందుకే తట్టుకోలేదు. పులుపుకు సగం ఉడికిపోయిన ముక్కను మళ్లీ పెనం మీద పెడితే పిండిలా రాలక ఏం చేస్తుంది?

గుర్తుపట్టడం తేలిక, కానీ ఎవరూ మూత తీసి చూడరు. పచ్చి ముక్క అంచు గాజులా మెరుస్తుంటే భయం లేదు. సున్నం పూసినట్టు తెల్లబడి, గిన్నె అడుగున పాలలాంటి నీరు చేరిందంటే పని జరిగిపోయింది.

ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముందు పట్టించి గంట ఉంచినా ఇబ్బంది లేదు. ఊరిన నీటిని మాత్రం వంచేయండి. నిమ్మరసం కిలోకు ఒక్క కాయ చాలు, అదీ పొయ్యి వెలిగించే పది నిమిషాల ముందు. కవళ్ల వంటి చిన్న చేపలకు ఐదు నిమిషాలే. పులుపు చాలదనిపిస్తే దించాక పిండుకోండి. నీచు పోవాలని గంటలు నానబెడుతున్నామంటారు కొందరు. ఆ పని కడిగేటప్పుడు రెండు నిమిషాలు నిమ్మచెక్కతో రుద్ది, వెంటనే నీళ్లు పోస్తే అయిపోతుంది.

ఇప్పటికే తెల్లబడిపోయాయా? పొడి బియ్యప్పిండి అద్ది, మధ్యస్థమైన మంట మీద కదపకుండా వేయించి, ఒకే ఒక్కసారి తిప్పండి. అప్పటికీ విరిగితే ముళ్లు తీసేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసేయండి. ఆ ముక్కనుమ నాడు మేము తిన్నది పొరటే. వేపుడు కోసం కాచుక్కూర్చున్న పిల్లలు తప్ప ఎవరూ నొచ్చుకోలేదు.

చేదు వస్తోంది

గింజలతో, తొక్కతో సహా కసిగా పిండేసి ఉంటారు. రసం ముందే తీసి పెట్టుకున్నా, పెనం మీద మరిగించినా చేదు తేలుతుంది. కాయను అప్పటికప్పుడు కోసి, గింజలు తీసి, పొయ్యి కట్టేశాక పిండండి. దబ్బకాయ వాడేవారు ఆ తెల్లటి మందపు పొర జోలికి అసలు పోవద్దు.

ఇక మిగిలినవి

ఇనుప రుచి వస్తే ఇనుప పెనం మీద పులుపు పోశారన్నమాట, పళ్లెంలోకి తీశాక పిండండి. చెరువు బొచ్చె చేపకు మట్టి వాసన వస్తే ఉప్పు, చింతపండు నీళ్లతో రెండుసార్లు కడగండి. అప్పటికీ వదలకపోతే దాన్ని పులుసులో వేసేయండి, వేపుడులో ఆ వాసన దాగదు.