లీగో రాత్రికి పిలుపొచ్చిందా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

లాత్వియాలో నడివేసవి పండుగ ఇది: జూన్ 23న లీగో, 24న యాని. రాత్రంతా మంట చుట్టూ పాటలతో మేలుకుంటారు. రెండు రోజులూ సెలవే. రాజధాని రీగాలో ఉండేవాళ్లలో చాలామంది పల్లెల్లోని తాతల ఇళ్లకు, చెరువు గట్ల మీది చిన్న ఇళ్లకు వెళ్లిపోతారు. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన తెలుగు పిల్లలకూ క్లాస్‌మేట్ల నుంచి, తోటి ఉద్యోగుల నుంచి పిలుపు వస్తుంటుంది. పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఆడవాళ్లకు పూల కిరీటం, మగవాళ్లకు ఓక్ ఆకుల కిరీటం పెట్టుకుని, పాటలో ప్రతి చరణం చివరా 'లీగో, లీగో' అని అందరూ అందుకుంటుంటే ఆ రాత్రి ఎవరూ పరాయివాళ్లలా మిగలరు.

జాగ్రత్త అనగానే అందరికీ మంటే గుర్తొస్తుంది. నా భయం మాత్రం గడ్డి, నీళ్లు, రోడ్డు గురించే ఎక్కువ.

ముందు గడ్డి సంగతి. పొద్దున్నే పూలు, ఆకులు కోయడానికి అందరూ పొలాల్లోకి వెళ్తారు. అక్కడి పొడవాటి గడ్డిలో పిడుదులు ఉంటాయి. మన దగ్గర పశువులకు పట్టేవాటి జాతే, కాకపోతే కొన్ని ఆవగింజంత కూడా ఉండవు. వీటివల్ల లైమ్ జబ్బు వస్తుంది, మెదడువాపు కూడా రావచ్చు. ఆ మెదడువాపును నయం చేసే మందు లేదు, రాకుండా టీకా ఉంది. మామూలు పద్ధతిలో రెండో డోసు నెల నుంచి మూడు నెలల తర్వాత ఇస్తారు కాబట్టి చలికాలంలోనే మొదలుపెడితే మేలు. ఆలస్యమైతే రెండు వారాల తేడాతో వేసే పద్ధతి ఉందేమో డాక్టరుని అడగండి. ఫుల్‌ప్యాంటు వేసుకుని అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోండి. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో వెతుక్కోండి. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగేయండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఆ మెదడువాపు కాచని మేకపాలతోనూ వస్తుంది. ఎవరైనా ప్రేమగా పచ్చిపాలు గ్లాసులో పోసి ఇస్తే మర్యాదగా వద్దనండి.

పూలు కోసేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. రోడ్ల పక్కన, బీడు పొలాల్లో మనిషిని మించిన ఎత్తులో ఒక మొక్క పెరుగుతుంది. పెద్ద పళ్లెమంత తెల్లటి గొడుగు పువ్వు, లావుపాటి బోలు కాడ, దాని మీద ఊదా మచ్చలు, రంపపు అంచుల వెడల్పాటి ఆకులు. దాన్ని లాత్వానిస్ అంటారు. కిరీటానికి బాగుంటుందని తెంపారో, రసం చర్మానికి అంటుతుంది. అప్పటికేమీ తెలియదు. ఎండ తగిలాక బొబ్బలెక్కి కాలిన పుండ్లవుతాయి. పొరపాటున తగిలితే వెంటనే సబ్బుతో కడిగి, ఆ చోటికి రెండు రోజులు ఎండ తగలనివ్వకండి. గొడుగులా విచ్చుకున్న తెల్లపూలు పెద్దవైనా చిన్నవైనా వదిలేయండి. చామంతుల్లాంటి తెల్లపూలు, నీలం కార్న్‌ఫ్లవర్లు, క్లోవర్ ఎటు చూసినా దొరుకుతాయి.

మంట దగ్గర మన భోగి అలవాట్లే పనికొస్తాయి. పెట్రోలు పోసి రాజేయొద్దు, పక్కనే బకెట్లతో నీళ్లుండాలి, ఎండుగడ్డికీ గుడారాలకూ దూరంగా ఉండాలి. అడవిలో ఇష్టమొచ్చిన చోట మంట వేయడం ఆ కాలంలో నిషేధం. మంట మీంచి దూకడం ఆచారం. అది బాగా తగ్గి నిప్పులయ్యాకే, ఒకరి తర్వాత ఒకరు దూకండి, జంటలైతే చేతులు పట్టుకుని. తాగినవాళ్లను దూకనివ్వద్దు. లంగా ఓణీ వేసుకుని వెళ్లాలని ఆడపిల్లలకు అనిపించడం సహజమే, ఫొటోలు దిగి మంట దగ్గరికి వచ్చేముందు మార్చుకోండి. తెల్లవారుజామున చలి పది డిగ్రీల దాకా దిగుతుంది, స్వెట్టరు తప్పనిసరి. మంట పక్కన మాత్రం నైలాన్ జాకెట్టు వద్దు, ఒక్క నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు రాయకండి.

తిండి విషయం శాకాహారులు ముందే చెప్పుకోవాలి. షాజీరా లాంటి గింజలు వేసి చేసే యాని చీజ్‌లో గుడ్డు ఉంటుంది. పీరాగి అనే చిన్న బన్నుల లోపల పంది మాంసం ముక్కలుంటాయి, బయటికి కనిపించవు.

నీళ్ల గురించి గట్టిగానే చెప్తున్నాను. సూర్యాస్తమయం రాత్రి పదీ ఇరవై ప్రాంతంలో, సూర్యోదయం నాలుగున్నరకు. ఆ రాత్రి నిద్రపోతే ఎండాకాలమంతా నిద్రమత్తే అని అక్కడి నమ్మకం, అందుకే ఎవరూ పడుకోరు. తెల్లారగానే చెరువులోకి దిగుదామంటారు. నీళ్లు చల్లగా ఉంటాయి, లోతు చటుక్కున పెరుగుతుంది, ఒంట్లో నిద్రలేమి, బీరు. విదేశాల్లో నీళ్లలో మునిగి మన పిల్లలు పోయారన్న వార్త ఇంకొకటి వినే ఓపిక మనకెవరికీ లేదు. ఈత రాకపోతే గట్టు మీదే ఉండండి, వచ్చినా తాగి దిగొద్దు. మంచుతో తడిసిన గడ్డిలో చెప్పుల్లేకుండా నడవడం కూడా ఆచారమే, ముందు అది చేయండి. ఆ తర్వాత కాళ్లు మళ్లీ ఒకసారి చూసుకోండి.

తిరుగు ప్రయాణం ముందే తేల్చుకోండి. సెలవు రోజుల్లో బస్సులు, రైళ్లు వేరే టైముల్లో నడుస్తాయి. కారు నడిపేవాళ్లకు రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5 వంతు (మన లెక్కలో 0.05 శాతం), లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండకపోతే 0.2. అది 1.5 దాటితే ప్రభుత్వం కారునే జప్తు చేస్తుంది. అలా జప్తయిన కార్లను ఉక్రెయిన్‌కు పంపడం 2023లో మొదలుపెట్టారు. రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోతుందనుకుని స్టీరింగ్ పట్టుకోవద్దు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 113. మీరున్న ఇంటి చిరునామా ఫోన్‌లో రాసి పెట్టుకోండి, పల్లెల్లో ఇళ్లు ఒకదానికొకటి చాలా దూరం.

ఇంటికొచ్చాక నెల రోజులు ఒంటిని గమనించండి. చర్మం మీద ఎర్రటి వలయం రోజురోజుకీ పెద్దదవుతున్నా, వారం రెండు వారాలకు జ్వరం, తలనొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఫలానా రోజున గడ్డిలో తిరిగానని మొదటే చెప్పండి.